ఎన్నికైన సేనానులు

నందిగామ తాలూకా పూర్వము సరిహద్దులు చిక్కుపడిన నేల. జగ్గయ్యపేట విడిచి గరికపాడు మీదుగా పోయి పాలేరు గడచినవాడు నైజాము రాజ్యమున అడుగిడును. అచ్చటినుండి కోదాడ దాటి మఱికొంత దూరము నడచినచో చుట్టును నైజాము గ్రామములే యుండగా నడుమ చిక్కిన మునగాల పరగణా తగులును, అది మరల కృష్ణా జిల్లా నందిగామ తాలూకాలోనిదే. ఇటు కంచికచర్ల చెంతనున్న పరిటాల జాగీరు చుట్టును ఇంగ్లీషువారి గ్రామములే యైనను తాను మాత్రము నైజామునకు చెందియుండెను. దేశము స్వతంత్రమైన పిదప నైజాము యూనియనులో చేరక బిగిసియున్న దినములలో పరిటాల ప్రజలు ఆ పెత్తనమును త్రోసిపుచ్చి తమ పాలనను తామే ప్రకటించుకొనిరి. మునగాల 1959లో నల్లగొండ జిల్లాకు పోయెను. ఇట్టి చోట పుట్టి పెరిగినవారికి యుద్ధమనునది రాజధానులలో తేలు వ్యవహారముగా గాక, రాత్రివేళ ఎవరి తలుపు ఎవరు తట్టుదురో యను చింతగా తెలిసియుండుట సహజము.

ఈ తాలూకావారే యైన వియ్యంకులిరువురి నడుమ జరిగిన సంవాదమిది. ఒకరు జగ్గయ్యపేటవారు, మదరాసు రెజిమెంటులో సుబేదారుగా పనిచేసి పింఛను పుచ్చుకొనుచున్నవారు. మఱియొకరు నందిగామలో చరిత్ర బోధించి విరమించిన మాస్టారు, యౌవనమున నైజామునకు ఎదురు తిరిగిన తెలంగాణ కమ్యూనిస్టు దళములకు చీటీలు మోసినవారు. దళముల క్రమశిక్షణను గూర్చి మొదలైన మాట దక్షిణాఫ్రికాలోని బోయరు రైతుల యుద్ధమువఱకు సాగినది. ప్రక్కనుండి విన్న నేను వారి పలుకులను వ్రాతభాషలోనికి తెచ్చితిని గాని, ఒకరి వాదమును తగ్గించి వేఱొకరిని గెలిపింపలేదు.

సుబేదారు: బావగారూ, మీ దళములను గూర్చి ఎంత గౌరవముతో విన్నను నాకొక సందేహము తీరదు. నేను సైన్యములో తల నెరసినవాడను. సిపాయికి అధికారి పైనుండి రావలెను. క్రిందివారి సమ్మతివలన అధికారియైనవాడు ఆ సమ్మతి జారిపోకుండ చూచుకొనుటలోనే కాలమంతయు గడపును. శత్రువు వంక చూచుటకు వానికి తీరిక యెక్కడిది? నూఱుగురు కలసి ఆలోచింపవచ్చును గాని, నూఱుగురు కలసి ఆజ్ఞాపింపజాలరు.

మాస్టారు: చేతులెత్తి నాయకులను ఎన్నుకొన్న సైన్యమొకటి ప్రపంచములోకెల్ల పెద్ద సామ్రాజ్యమును రెండున్నర ఏండ్లకు మించి నిలువరించినది గదండీ. 1899 అక్టోబరు 11న ట్రాన్స్‌వాలు, ఆరెంజి ఫ్రీ స్టేటు అను రెండు చిన్న రిపబ్లిక్కులు ఇంగ్లండుతో యుద్ధమునకు దిగినప్పుడు, ఫిరంగిదళమును కొంత పోలీసు బలగమును తప్ప, జీతము పుచ్చుకొని యూనిఫారము తొడిగిన సైన్యము వాటికి లేనేలేదు. 16 ఏండ్లు మొదలు 60 ఏండ్లవఱకు గల ప్రతి తెల్లజాతి పౌరుడును పిలుపు వచ్చిననాడు తన గుఱ్ఱమును, జీనును, తుపాకిని, 30 తూటాలను, ఎనిమిది దినముల తిండిని వెంటదెచ్చుకొని హాజరు కావలెనని చట్టము. తిండి యనగా ఉప్పు రాచి ఎండబెట్టిన మాంసపు చీలికలు, గట్టిగా కాల్చిన రొట్టె, కాఫీ పొడి. బట్టలు పొలములో తొడిగినవే. తండ్రియు కొడుకులును ఒకే గుడారములో పండుకొనిరి.

సుబేదారు: అది తిరునాళ్ళకు బయలుదేరిన బలగమువలె నున్నది గాని, దండువలె లేదు.

మాస్టారు: వినుడు. జిల్లాకొక కమాండో, దానికొక కమాండెంటు. జిల్లాలోని ప్రతి వార్డుకును ఒక ఫీల్డు కార్నెట్టు. శాంతికాలమున ఆ వార్డు పౌరుల పట్టికలు వ్రాయువాడును, చిన్న తగవులు తీర్చువాడును, సర్కారు ఉత్తరువులను ఇంటింటికి చేర్చువాడును ఆయనయే. అనగా మన గ్రామములలో పూర్వము మునసబు చేసిన పనులు పెక్కు ఆయన చేతిలో నుండెను. యుద్ధము వచ్చినప్పుడు ఆ పట్టికనే పుచ్చుకొని తన వార్డువారిని రణభూమికి నడిపించుకొని పోవును. ఆయన క్రింద ఇరువదియైదుగురికొక కార్పొరలు, ఆ కార్పొరలు చేతిమీదుగానే మాంసము, కాఫీ, తూటాలు పంపకము. వీరందరును క్రిందివారి ఓటుతో వచ్చినవారే. ట్రాన్స్‌వాలులోనైతే సర్వసేనానియైన కమాండెంటు జనరలును సైతము పౌరులే ఎన్నుకొనుచుండిరి. పైన యుద్ధసభ యొకటి యుండెను. అధికారులందు కూర్చుండి, వాదించుకొని, ఎక్కువమంది మాట ప్రకారము నిర్ణయించుకొనుచుండిరి. పొరుగువాని గుణగణములు చిన్ననాటినుండి ఎఱిగినవారు వానిని నాయకునిగా ఎన్నుకొనుట, ఎక్కడో బడిలో చదివి వచ్చిన అపరిచితునకు లోబడుటకంటె హీనమెట్లగునో మీరు చెప్పవలెను.

సుబేదారు: చెప్పెదను. ఆ కథ నేనును కొంత చదివితిని, మా మెస్సులోని పుస్తకములలో. ఆ సర్వసేనాని జూబర్టు వృద్ధుడు, భక్తుడు, అందరికిని మంచివాడు. 1899 అక్టోబరు 30న లేడీస్మిత్తు వెలుపల ఇంగ్లీషు సేన చెదరి పట్టణములోనికి పరుగెత్తుచుండగా, తరుముడని బోతా వంటి యువకులు కాళ్ళు నేలనుంచక మొఱపెట్టుకొన్నను, దేవుడిచ్చిన జయము చాలునని ఆయన గుఱ్ఱములను ఆపించెను. తరువాత ఆ పట్టణమును ముట్టడించి నాలుగు మాసములు దాని చుట్టును కూర్చుండిరి. అటు కింబర్లీ, మఫెకింగు చుట్టును అట్లే. డర్బను రేవునకు పోవు దారి తెఱచియుండగా పోయినవాడు లేడు; ఆ రేవుననే ఇంగ్లండు తన సైన్యమును ఓడలకొలది దింపుకొన్నది. ఓట్లు తెచ్చు గుణములు వేఱు, యుద్ధమున కావలసిన గుణములు వేఱు, బావగారూ. వయస్సు, పలుకుబడి, మంచితనము చూచి ఎన్నుకొన్నవారు వేగమును ఎన్నుకొనలేదు.

ఇంకను వినుడు. 1900 జనవరి 6న లేడీస్మిత్తుకు దక్షిణముననున్న మిట్టను వేకువనే పట్టవలెనని యుద్ధసభ నిర్ణయించినది. నిర్ణయించిన పిదప ఎక్కినవారు కొందఱు. ఎక్కవలసినవారిలో పలువురు అడుగుననే నిలిచి దూరమునుండి తుపాకులు ప్రేల్చి ఊరకుండిరి. ఎక్కినవారు పగలంతయు పోరాడి, తోడు రాక, సాయంకాలపు వానలో దిగి వచ్చిరి. అడుగున నిలిచినవానిని శిక్షించినవాడెవడు? ఎన్నుకొన్నవానిని శిక్షించిన ఫీల్డు కార్నెట్టు మఱుసటి ఎన్నికలో ఏమగును?

మాస్టారు: మిట్ట మీద చచ్చినవారిని తలచినపుడు మీ మాటకు నావద్ద బదులు లేదు. కాని అదే యుద్ధసభ మఱియొకచోట చేసిన పని చూడుడు. పడమటి రంగమున సేనాని క్రోంజె. మొండివాడు, కీర్తి గలవాడు. కొండలపైన కందకములు త్రవ్వవలెనని ఆయన పట్టు. ఆయన క్రింది అధికారియైన డి లా రే అంతకు మునుపటి యుద్ధములలో ఇంగ్లీషు ఫిరంగులు కొండ కొమ్ములను ఎట్లు చీల్చుచుండెనో కన్నవాడు. కొండ అడుగున, సమతలములో త్రవ్వవలెననెను. మీ సైన్యములోనైతే క్రిందివాని మాట అంతటితో ముగిసెడిది. డి లా రే ఫ్రీ స్టేటు ప్రెసిడెంటు స్టైనునకు తంతి పంపెను, ఆయన స్వయముగా వచ్చి సభ పిలిచెను, సభ డి లా రే పక్షము వహించెను. 1899 డిసెంబరు 11 తెల్లవాఱుజామున మాగర్స్‌ఫాంటెను కడ స్కాట్లండు హైలాండర్లు బారులు తీర్చి చీకటిలో నడచి వచ్చి, కొండమీద శత్రువున్నాడని తలంచుచు, కాళ్ళముందరి కందకములనుండి లేచిన గుండ్లకు గుంపులుగా కూలిరి. వారి సేనాని వాకోపు అక్కడనే పడెను.

(ఇచ్చట సుబేదారుగారు చాలసేపు మాటాడలేదు. యుద్ధసభవలన ఆలస్యము, పిరికితనము మాత్రమే పుట్టునని తలంచువారు ఈ ఉదాహరణమును దాటిపోవుట కష్టమని నా మతము. పైవాని పొరపాటును దిద్దుటకు క్రిందివానికి దారి యుండుట ఏ సేనకైనను చిన్న లాభము కాదు.)

సుబేదారు: ఒక కొండ మాట మీరు చెప్పితిరి, మఱియొక కొండ మాట నేను చెప్పెదను. స్పియాన్ కోప్.

మాస్టారు: అది నా పక్షపు కొండయే! 1900 జనవరి 24న పగలంతయు ఆ శిఖరముమీద ఇరుపక్షములవారును ఎండలో మాడి చచ్చిరి. చీకటి పడగా బోయర్లు తాము ఓడితిమని తలంచి దిగి, బండ్లు కట్టుకొనుచుండిరి. లూయీ బోతా, ముప్పది యేడేండ్లవాడు, రాత్రి గుఱ్ఱమెక్కి వారి నడుమకు పోయెను. ఆజ్ఞాపించినచో విను అలవాటు వారికి లేదు. ఆయన వారిని పేరుపేరున పలుకరించి, స్థానము విడుచుట సిగ్గని చెప్పి, బ్రతిమాలి నిలిపెను. తెల్లవాఱి చూతురుగదా, ఇంగ్లీషువారే కొండ విడిచి దిగిపోయియుండిరి. మాటతో నిలుపగల సేనాని దొరకుట ఎన్నికవలన గదా?

సుబేదారు: ఎన్నికవలన గాదు, జూబర్టు గుఱ్ఱముమీదనుండి పడి జబ్బుపడుటవలన. బోతాకు ఆ అధికారము అట్లు దక్కినది. పోనిండు. ఆ కొండ క్రింద మనవారుండిరని మీరు మఱచితిరి.

మాస్టారు: మఱవలేదు. గాంధీగారు కూడగట్టిన భారతీయ అంబులెన్సు దళమున సుమారు 1,100 మంది. అందు మూడు వందలమంది దాక స్వతంత్రులు, తక్కినవారు నేటాలు చెఱకు తోటలలో గిరిమిటు కూలీలు. ఆ కూలీలలో ఎక్కువమంది మదరాసు రేవున ఓడయెక్కిన తమిళులును, తెలుగువారును. కోలెన్సోలో, స్పియాన్ కోప్‌లో గాయపడిన తెల్లవారిని డోలీలపై మోసికొని దినమునకు ఇరువది, ఇరువదియైదు మైళ్ళు నడచిరి. వారిని ఎన్నుకొన్నవారు లేరు, వారు ఎన్నుకొనదగిన వారును లేరు.

సుబేదారు: ఆ మాట గుర్తుంచుకొనుడు, దానికి మరల వచ్చెదను. ముందు బ్రాండ్‌వాటరు లోయ సంగతి. 1900 జూలై. ఫ్రీ స్టేటు సేనలు కొండల నడుమ చిక్కినవి. డి వెట్టు ప్రెసిడెంటును వెంటబెట్టుకొని రాత్రి కనుమలోనుండి జారిపోయెను. మిగిలినవారికి సర్వాధికారి ఎవరన్న తగవు పుట్టినది. శత్రువు కనుమలనన్నిటిని మూయుచుండగా వీరు ఓట్లు వేసికొనుచుండిరి! ప్రిన్స్‌లూ గెలిచెనని కొందఱు, ఇంకను ఓట్లు రావలసియున్నవి గావున రూ అనునతడే అధికారియని కొందఱు. ఆ సందేహము తీరకమునుపే ప్రిన్స్‌లూ నాలుగు వేలకు పైబడిన మందితో ఆయుధములు అప్పగించెను. ఒక్కడైనను స్పష్టముగా ఆజ్ఞాపించియుండినచో వారిలో సగము మంది బయటపడియుందురు. పడగలరని ఋజువు కూడ కలదు: ఆ లొంగుబాటును ఒప్పుకొనని ఒలివియరు పదునైదు వందలమందితో తప్పించుకొనిపోయెను.

మాస్టారు: నిజము. బోయరు చరిత్రలో నన్ను మిక్కిలి బాధించు ఘట్టమదియే. కాని సగము కథను చెప్పి ఆపితిరి. డి వెట్టు ఎవరు? యుద్ధము మొదలైననాడు హైల్‌బ్రాను కమాండోలో ముగ్గురు కొడుకులతో కూడ సామాన్య పౌరుడుగా చేరిన రైతు. ఆయన కమాండో ఆయనను ఉపనాయకుడుగా ఎన్నుకొన్నది. రెండు మాసములు గడవకమునుపే జనరలయ్యెను. రాజధాని బ్లూంఫాంటెను 1900 మార్చి 13న పడిపోయినది. సేన చెదరినది. అప్పుడు ఆయన చేసినదేమి? తనవారిని ఇండ్లకు పొమ్మని సెలవిచ్చెను! జూబర్టు నివ్వెఱపోయెనట. రావలెనని బుద్ధిపుట్టినవాడే తిరిగి వచ్చును, వాడే పోరాడును అని డి వెట్టు ఎంచెను. మార్చి 17న క్రూన్‌స్టాడులో యుద్ధసభ కూడి, ఎడ్లబండ్ల బారులను వదలివేయుటకును, చిన్న గుఱ్ఱపు దండులుగా తిరుగుటకును నిర్ణయించినది. అంతకు ఇంచుమించు మూడు వారములకు ముందే క్రోంజె ఆ బండ్లనే వదలలేక పార్డెబర్గులో నాలుగు వేలమందితో లొంగిపోయియుండెను గదా.

సెలవులనుండి వచ్చినవారితో మార్చి 31న డి వెట్టు సన్నాస్ పోస్టు కడ ఒక వాగులో కొందఱిని దాచెను. తెల్లవాఱుచుండగా ఇంగ్లీషు బండ్లు ఒకటొకటిగా రేవులోనికి దిగుచుండెను. దిగిన ప్రతి బండివానిని చప్పుడు చేయనీయక తుపాకి చూపి, బండిని ఆవలి గట్టుకు తోలించి, పైకి ఏమియు జరుగనట్లే నడిపించిరి. వెనుకవారికి తెలిసినప్పటికి నాలుగు వందలమందికి పైగా ఖైదీలు, ఏడు ఫిరంగులు బోయర్ల చేజిక్కినవి. గట్టు దిగిన బండివానిపై ఒక్క తుపాకి తొందరపడి ప్రేలినను పన్నాగమంతయు చెడిపోయెడిది. ప్రేలలేదు. క్రమశిక్షణ లేదందురా?

సుబేదారు: అనను. కాని అది ఓటువలన వచ్చిన క్రమశిక్షణ కాదు, బావగారూ, డి వెట్టు చేతి కొరడావలన వచ్చినది. కదలనివానిని ఆయన తోలు కొరడాతో కొట్టుచుండెనని ఆయన శత్రువులేగాక మిత్రులును చెప్పిరి. ఆయనను జనరలుగా చేసినది పౌరుల ఓటు కాదు, ప్రెసిడెంటు నియామకము. యుద్ధము సాగినకొలది ఎన్నిక తగ్గి, సామర్థ్యము చూచి పెద్దలు నియమించుట పెరిగినది. మీ బోయర్లు బాగుగా పోరాడిన కాలము, వారు నావైపు జరిగిన కాలము.

మాస్టారు: ఇది గట్టి దెబ్బ. అయినను కొరడా దెబ్బ తిన్నవాడు ఆ రాత్రియే గుఱ్ఱమెక్కి యింటికి పోగలిగియుండియు పోలేదు. పోవుటకు కారణములు కొల్లలు. ఇంగ్లీషు సేనాని కిచనరు వారి ఇండ్లను, పంటలను తగులబెట్టించెను. స్త్రీలను, పిల్లలను శిబిరములలో మూసెను. ఆ శిబిరములలో 28,000 మంది దాక బోయర్లు చచ్చిరి, వారిలో పిల్లలే ఎక్కువ. నల్లవారికి వేఱు శిబిరములు, అందు చచ్చినవారు 14,000కు తక్కువ గారు. పట్టుబడిన పురుషులను ఓడలనెక్కించి సెయింటు హెలీనాకు, బెర్ముడాకు, సింహళమునకు, మన దేశమునకు పంపిరి. మన ప్రాంతమునకు దాపున బళ్ళారిలోనే బోయరు ఖైదీల శిబిరముండెను. తన బిడ్డ శిబిరములో మరణించెనని విన్నవాడు 4 లక్షలు దాటిన సేనకు ఎదురుగ మఱియొక చలికాలము తిరిగినాడనినచో, అది కొరడాకు సాధ్యమైన పని కాదు.

నా అసలు మాట ఇదిగో. సేనానిని ఎన్నుకొను హక్కు సంగతి మీరన్నట్లే పోనిండు. యుద్ధమును ఆపవలెనా, సాగింపవలెనా అను ప్రశ్న వచ్చినప్పుడు బోయర్లేమి చేసిరి? 1902 మే నెలలో అడవులలో, గుట్టలలో తిరుగుచున్న ప్రతి కమాండో తన ప్రతినిధిని ఎన్నుకొన్నది. ఒక్కొక్క రిపబ్లిక్కునకు 30 మంది చొప్పున 60 మంది వెరీనిగింగులో గుడారముల క్రింద కూడిరి. ఒక్కొక్కడు లేచి తన జిల్లాలో ఎన్ని గుఱ్ఱములున్నవో, ఎన్ని దినములకు జొన్న యున్నదో, ఎందఱు స్త్రీలు కొండలలో దాగియున్నారో చెప్పెను. మే 31న ఓట్లు తీసిరి: సంధికి 54, వలదని 6. కడవఱకు వలదన్న డి వెట్టు సభ మాటకు లోబడి చేవ్రాలు చేసెను. తుపాకి పట్టినవాడే తుపాకి దించుటను నిర్ణయించిన సందర్భములు చరిత్రలో నాకు పెక్కు కానరావు.

సుబేదారు: ఇప్పుడు మన యింటి సంగతికి రండి. మీ దళములలో ఎన్నికలుండెనా?

మాస్టారు: లేవు. దాపరికమేల? పుచ్చలపల్లి సుందరయ్యగారు 1972లో ప్రకటించిన గ్రంథములో చెప్పిన లెక్కల ప్రకారము గ్రామ దళములలో పదివేలమంది, నిత్యము తిరుగు గెరిల్లా దళములలో రెండువేలమంది. పోరు సాగిన గ్రామములు మూడు వేలు. గ్రామములలో మొదట ఉన్నవి గుత్పలు, వడిసెలలు, కారపు ముంతలు. తరువాత భర్మారు తుపాకులు, దొరల గడీలనుండియు పోలీసులనుండియు లాగుకొన్న రైఫిళ్ళు. గెరిల్లా దళమునకు పదిమంది చొప్పున, ఒక దళనాయకుడు, ప్రక్కన పార్టీ ఆర్గనైజరు, పైన ఏరియా కమిటీ. దళనాయకుని కమిటీ నియమించును. గ్రామములో భూమి పంచుట, తగవు తీర్చుట గ్రామ కమిటీ పని. దానిని ఊరి జనము కూడి నిలుపుకొనుచుండిరి. అనగా పొలము సంగతి ఓటుతోను, తుపాకి సంగతి ఆజ్ఞతోను నడచెను.

సుబేదారు: అది తెలివైన పద్ధతి. నేను మెచ్చుకొనుచున్నాను.

మాస్టారు: మెచ్చుకొనుటకు ముందు నేను చూచినదొకటి వినుడు. చీటీ సన్నని కాగితము, దానిపై చీమతలకాయలవంటి అక్షరములు. నాలుగు మడతలు వేసి తలగుడ్డ అంచులో కుట్టికొని రాత్రి పాలేరు దాటుచుంటిమి, పట్టుబడినచో మ్రింగవలెను. ఒకమాఱు నేను దళము దాగిన డెన్ చేరునప్పటికి దళనాయకుడు ఆ సాయంకాలమే గుండు తగిలి చనిపోయియుండెను. కమిటీనుండి క్రొత్త నాయకుని పేరుతో చీటీ వచ్చుటకు రెండు మూడు దినములు పట్టును. ఎవరును ఎవరిని ఏమియు అడుగలేదు. వెట్టి చాకిరి చేసి ఆ అడవి బాటలన్నియు కాలితో ఎఱిగిన ఒకడు లేచి ముందు నడచెను, తక్కినవారు వాని వెనుక నడచిరి. తరువాత చీటీ వచ్చినది. అందు వేఱొకని పేరుండెను. వానికిని అందఱును లోబడిరి, మొదటివాడును లోబడెను. ఈ రెండింటిలో ఏది సేనయో నేను ఇప్పటికిని తేల్చుకొనలేదు.

సుబేదారు: రెండవది సేన. మొదటిది ఆ రాత్రి గడచుటకు పనికివచ్చెను.

మాస్టారు: కావచ్చును. కాని 1948 సెప్టెంబరు 13న యూనియను సైన్యము కదలి, అందొక విభాగము మన విజయవాడ త్రోవనే నందిగామ, జగ్గయ్యపేట మీదుగా నైజాములోనికి పోయినది. అయిదు దినములలో నైజాము లొంగెను. నైజాము పక్షపు సాయుధులైన రజాకార్లు పోయిరి. దళములు తుపాకులను దించవలెనా, మోయవలెనా? రావి నారాయణరెడ్డిగారివంటివారు దించవలెననిరి. మోయవలెనన్నవారి మాట నెగ్గెను. మఱి మూడేండ్లు గోదావరి అడవులలో, నల్లమలలో చిన్న చిన్న జట్టులుగా తిరిగిరి. 1951 ఆరంభమున అజయ్ ఘోష్, డాంగే, చండ్ర రాజేశ్వరరావు, మాకినేని బసవపున్నయ్య మాస్కోకు పోయి స్టాలినును సంప్రదించి వచ్చిరి. అక్టోబరులో పోరాటము విరమింపబడెను. అడవిలోనున్నవానికి ఆ వార్త చీటీగానే వచ్చినది. వెరీనిగింగు గుడారములలో 60 మంది లేచి తమ గుఱ్ఱములను, తమ జొన్నలను లెక్కపెట్టి చెప్పినట్లు, ఒక్క దళమునైనను మీ సంగతియేమని అడిగినవారు లేరు. బోయరుల మాట ఇంత పట్టుదలగా చెప్పుటకు నా కారణమిది.

సుబేదారు: మీ బాధ తెలిసినది. కాని ఇందాక గుర్తుంచుకొనుమన్న మాటకు వచ్చెదను. ఆ 60 మందిని ఎన్నుకొన్నవారెవరు? పలువురు బోయర్ల వెంట ఒక్కొక్క నల్లవాడు గుఱ్ఱముపై వచ్చుచుండెను. జీను కట్టుట, కాఫీ కాచుట, తూటాలందించుట, అవసరమైనచో తుపాకి పట్టుట వాని పని. అట్టివారు వేలకొలదిగా నుండిరి. వారిలో ఒక్కనికైనను ఓటున్నదా? ఆ సంధిలోని ఎనిమిదవ షరతు చదివితిరా? స్వపరిపాలన వచ్చువఱకు దేశీయులకు ఓటు సంగతి తలపెట్టరాదని అందు వ్రాసిరి. తెల్లవారి స్వపరిపాలన వచ్చిన పిదప నల్లవానికి ఓటెవరిత్తురు? మన భారతీయుల సంగతియైతే ట్రాన్స్‌వాలులో 1885నాటి చట్టమే చాలును. ఫ్రీ స్టేటులో వర్తకులను 1891లో తరిమివేసిరి. మీరు మెచ్చుకొన్న ఆ 54 ఓట్లు, ఓటులేనివాని మెడకు కట్టిన త్రాడు. నా రెజిమెంటులో ఎన్నిక లేదు. కాని ఆ త్రాడును సైన్యము మొత్తముతో ఓటు వేయించి కట్టలేదు.

(మాస్టారుగారు దీనికి వెంటనే బదులు చెప్పలేకపోయిరి. నాకును ఇది సంవాదమంతటిలో బరువైన మాటగా తోచినది. బోయరు స్వాతంత్ర్యమును గూర్చి మన పెద్దలలో పలువురు ఆనాడు ఉత్సాహపడిరి. ఇంగ్లండు పొగరు అణగవలెనన్న కోరిక అట్టిది. కాని ఆ స్వాతంత్ర్యము ఎవరి వీపుమీద ఎక్కి వచ్చెనో చూడక మెచ్చుకొనుట ఇకమీదట మనకు చెల్లదు.)

మాస్టారు: మీరు చెప్పినది కాదనలేను. మా దళమున ఓటు లేదు. కాని జీను కట్టుటకు వేఱొకని తెచ్చుకొనలేదు. వెట్టివాడే తుపాకి పట్టెను, మల్లు స్వరాజ్యముగారి వంటి స్త్రీలు దళములను నడిపిరి. బోయరుకు ఓటుండి, ప్రక్కవానికి లేదు. మా వానికి తుపాకి యుండి, దానిని దించు దినమును గూర్చి పలుకు అధికారము లేదు. రెండును ఒకే చోట నేను చూడలేదు.

సుబేదారు: ఒక మాట అడిగెదను, చరిత్ర మాస్టారుగా గాక, చీటీలు మోసినవానిగా బదులు చెప్పుడు. 1948 సెప్టెంబరులో మిమ్మును అడిగియుండినచో, మీ ఓటు ఎటు?

మాస్టారు: ఆపుడనియే. మన సరిహద్దు గ్రామములవారు అప్పటికే అటు రజాకార్లచేతను ఇటు పోలీసులచేతను నలిగిపోయియుండిరి, నేనును అలసియుంటిని. కాని ఆ రాత్రి ముందు నడచినవాని సంగతి వేఱు. వానికి పంపకములో కొంత చెలక వచ్చియుండెను, పుట్టి బుద్ధెఱిగిన పిదప తనదని దున్నిన మొదటి భూమి అది. సైన్యము లారీల వెనుకనే దొరలు మరల గడీలకు వచ్చుచుండిరి, పంచిన భూములను లాగుకొనుచుండిరి. వానిని అడిగియుండినచో వాడు ఆపవలదనియే చెప్పెడివాడు. ఆ సభలో నేనుండినచో, నా చేయి ఎత్తుటకు ముందు వాని మాట వినియుండెడివాడను.